మేడ మీది తీగ

"ఆ తీగ మీంచి చెయ్యి తియ్!"

ఇంజన్ మేస్త్రీ అరుపుకి మేడ మీది కాకులన్నీ లేచిపోయాయి.

కింది గదిలోకి మొన్ననే దిగిన పెద్దావిడ పిట్టగోడ దగ్గర నిలబడి ఉంది. అతని యాంటెన్నా కొస విప్పి చేత్తో పట్టుకుంది.

వారంపాటు చెమటోడ్చి కట్టిన యాంటెన్నా అది. రాగితీగని రెండు సమానమైన ముక్కలు చేసి, మధ్యలో కేబుల్ అతికించి, రెండు కొసలూ నైలాను తాళ్ళతో చెరోవైపు లాగి కట్టాడు. ఇప్పుడు సగం తీగ నేల మీద పడి ఉంది.

"బాబూ, ఈ కొస..."

"బాబూ లేదు, గీబూ లేదు! నీ టీవీలో గీతలొస్తున్నాయా? బట్టలారేసుకోడానికి అడ్డమొచ్చిందా?"

"అది కాదు, గాలొస్తే..."

"గాలొస్తే నేను చూసుకుంటా! అడక్కుండా ముట్టుకోడానికి ఇదేమైనా నీ బాబు సొమ్మా?"

కేకలు విని మేస్త్రీ భార్య మెట్లెక్కి వచ్చింది.

"ఆవిడేదో చెప్పబోతోంది, ముందు వినవయ్యా."

"నువ్వు నోర్ముయ్!"

పడవ ఇంజన్ల రొదలో పనిచేసి చేసి గట్టిపడిన గొంతు. దానికి తోడు ముక్కు మీద కోపం. రేడియో సెట్టుకి ఒక పద్ధతుంది. బటన్ నొక్కితే మన మాట వెళుతుంది, 'ఓవర్' అని వదిలితేనే ఎదుటివాళ్ళ మాట వినిపిస్తుంది. ఈయన పుట్టినప్పటి నుంచీ బటన్ నొక్కే ఉన్నాడు.

పెద్దావిడ తీగని నెమ్మదిగా కింద పెట్టి దిగి వెళ్ళిపోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. నేరుగా వెళ్ళి ఇంటి ఓనరు తలుపు బాదాడు.

"ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చు!"

పాత అద్దెదారుణ్ణి వదులుకోవడం ఓనరుకి ఇష్టం లేదు. మర్నాడు పొద్దున్నే పెద్దావిడ పెట్టె పట్టుకుని బండెక్కింది.

"ఎందుకయ్యా ఆవిడ ఉసురు పోసుకున్నావ్?" అంది భార్య.

"ఊరుకో! ఆ తీగ నాకేమిటో తెలుసా ఆవిడకి?"

ఆవిడకి తెలియకపోయినా భార్యకి తెలుసు. ఒకప్పుడు తుఫానులో మేస్త్రీ ఉన్న పడవ ఇంజన్ ఆగిపోయింది. నీళ్ళు లోపలికొస్తుంటే తీరం నుంచి రేడియోలో ఒక ఆడగొంతు పలికింది. "భయపడకు తమ్ముడూ, ఇంకో పడవని నీ దగ్గరికి పంపిస్తున్నా" అంటూ, అది వచ్చేదాకా వదల్లేదు. అందరూ ఆమెని రేడియో అక్క అంటారు. మేస్త్రీ ఏనాడూ చూడలేదు. దణ్ణం పెట్టుకుందామని ఆ రేడియో ఆఫీసుకి వెళ్ళేసరికి రిటైరైపోయింది. సొంత సెట్టుతో, సరదా ఉన్నవాళ్ళు ఊరూరి నుంచీ మాట్లాడుకునే హామ్ రేడియోలో మాట్లాడుతోందని ఎవరో చెబితే, ఈ వయసులో పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని ఈ తీగ కట్టాడు. చచ్చేలోపు ఆమెకో మాట చెప్పుకోవాలి. ఉన్న కోరికల్లా అదొక్కటే.

పళ్ళు నూరుకుంటూ మేడెక్కాడు. విప్పిన కొస మళ్ళీ కట్టబోతూ పిట్టగోడ మీంచి తొంగిచూశాడు.

సరిగ్గా కిందే కరెంటు లైను. గాలికి తాడు తెగితే తీగ దాని మీదే పడుతుంది. సెట్టు ముందు కూర్చున్నవాడు మాడిపోతాడు.

మేస్త్రీ చేతిలోని కొసని చప్పున వెనక్కి లాక్కున్నాడు. అయినా తప్పు ఒప్పుకుంటాడా?

"ఆ ముక్కేదో నోరు తెరిచి చెప్పి చావొచ్చుగా!" అని వెళ్ళిపోయినావిడ మీదే విసుక్కుని, కొసని అవతలివైపు నీళ్ళ ట్యాంకు పైపుకి కట్టాడు.

కిందికొచ్చి సెట్టు పెట్టాడు. పిలవగా పిలవగా దూరపు ఊరి నుంచి ఒకాయన పలికాడు.

"రేడియో అక్క కోసం చూస్తున్నానండీ. ఆమె వల్లే బతికాను. ఒక్కసారి మాట్లాడాలి. ఓవర్."

"అక్క ఇల్లు మారింది. యాంటెన్నా ఇంకా కట్టుకోలేదు. ఇంతకీ నువ్వుండేదెక్కడ? ఓవర్."

"హార్బరు వెనక వీధండీ. నాలుగంతస్తుల పచ్చమేడ. ఓవర్."

అవతల పెద్దగా నవ్వు.

"భలేవాడివే! మేడ మీద ఎవరో తీగ కడుతున్నారని మురిసిపోయి, ఏరికోరి ఆ ఇంట్లోనే గది తీసుకుంది కదయ్యా అక్క! ఏదీ, మైకు ఒకసారి ఆమెకివ్వు. ఓవర్."