మామగారిచ్చిన వ్యాను

ఠప్పుమని చప్పుడైంది. షెడ్డులో లిఫ్టు మీద నిలువెత్తున వేలాడుతున్న వ్యాను వెనక భాగం జానెడు కిందికి దిగి, ఓ పక్కకి ఒరిగి ఆగింది. ఎర్రటి పొడి జల్లున రాలి మెకానిక్ టోపీ మీద పడింది.

"నా వ్యానుని ఏం చేశావయ్యా?" అన్నారు మామగారు.

మెకానిక్ తొణకలేదు. టోపీ తీసి దులుపుకున్నాడు. వెనక ఏదో చప్పుడొస్తోందంటే చూద్దామని పైకి లేపానంతేననీ, అది తన బరువు తానే మోయలేక విరిగిందనీ చెప్పాడు. నమ్మకం కుదర్చడానికి స్క్రూడ్రైవరు తీసి వెనక చక్రం పైనున్న ఇనుప దూలాన్ని పొడిచాడు. తడి అట్టలోకి దిగినట్టు పిడి దాకా దిగిపోయింది.

మామగారు ఒప్పుకుంటేనా! కూతురికి కవలలు పుట్టినప్పుడు ఏరి కోరి కొనిచ్చిన ఏడు సీట్ల బండి అది. పైన రంగు చూడమన్నారు, అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చన్నారు. పైన పటారం, లోన లొటారం అని గొణిగాడు మెకానిక్. కూతురు తండ్రి పక్షం చేరింది. నాన్న ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చి, ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా, మ్యాట్లు ఎత్తి మరీ లోపలంతా తనే కడుగుతాడనీ, పిల్లలకైనా అంత శ్రద్ధగా ఎవరూ స్నానం చేయించరనీ చెప్పింది.

అల్లుడు మాత్రం గోడవారగా పేర్చిన టైర్లు లెక్కపెడుతున్నాడు. ఇది ఇక బాగుపడదు అన్న ఒక్క మాట ఈ మెకానిక్ నోట వస్తే చాలు, అతని జన్మ ధన్యం. ఆ వ్యాను ఎత్తు ఎక్కదు, పల్లంలో ఆగదు. బ్రేకు వేస్తే పక్క తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. వెనక సీటు స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చాయి. అయినా సరే, అందులోంచి దిగిన ప్రతిసారీ మామగారు నడుం పట్టుకుని "రాజాలాంటి బండి" అనేవారు. అంత ప్రేమగా ఇచ్చినదాన్ని వదిలించుకుందామని ఏ నోటితో అంటాడు? ఒకసారి అనబోతే భార్య రెండు రోజులు మాట్లాడలేదు.

మెకానిక్ నిచ్చెన ఎక్కి వెనక మ్యాటు ఎత్తాడు. కింద సందులో చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్లకు తుప్పుతో పాటు తెల్లటి పొడి అంటుకుంది. వాసన చూశాడు. చిటికెడు నాలిక మీద వేసుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు.

రోడ్డు మీది తడికి పట్టే తుప్పు కిందనుంచి పైకి పాకుతుందట. ఇది లోపలినుంచి బయటికి వచ్చిందట. అంటే ఎవరో పనిగట్టుకుని, ఓపిగ్గా, నెలల తరబడి ఉప్పునీళ్లు పోశారన్నమాట.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అల్లుడు రెండు చేతులూ గబుక్కున జేబుల్లో దాచుకున్నాడు. భార్య చూడనే చూసింది. పద్నాలుగేళ్ల కాపురం తర్వాత ఆవిడకి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"మీరేనా?" అంది.

ముందు నుయ్యి, వెనక మామగారు. అతనికి సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. సొంత కొడుకులా చూసుకున్న పెద్దమనిషికి తను చేసిన ఘనకార్యం ఇదా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తప్పయిపోయింది మామయ్యగారూ. బండి దానంతటది పాడైపోతే మీ మనసు నొప్పించకుండా వేరేది కొనుక్కోవచ్చనుకున్నాను. వారానికో చెంబు నీళ్లు. చెంబుకి రెండు గుప్పెళ్ల ఉప్పు."

పిల్లల్ని మాత్రం ఈ ఆర్నెల్లూ అందులో ఎక్కించలేదని ఒట్టేశాడు. బస్సులో తిరిగితే పిల్లలకి లోకజ్ఞానం వస్తుందంటూ భర్త చేసిన ప్రసంగాలన్నీ భార్యకి ఇప్పుడు అర్థమయ్యాయి. మోకాళ్లకి నడకే మంచిదని మామగారు కూడా ఈమధ్య వ్యాను ఎక్కడం మానేశారు కాబట్టి, ఆ పాపం తనకి అంటలేదన్నాడు. మరి నా సంగతేమిటని భార్య అడిగితే మాత్రం మళ్లీ టైర్లు లెక్కపెట్టసాగాడు.

మామగారు వ్యాను వెనకవైపు నుంచి రెండడుగులు పక్కకి జరిగారు.

"ఎక్కడ పోసేవారు సార్?" అన్నాడు మెకానిక్.

"ముందు. డ్రైవరు సీటు కింద."

మెకానిక్ ముందువైపుకి వెళ్లి, అడుగునుంచి సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. నాలుగు చోట్ల కొట్టి చూశాడు. నాలుగుసార్లూ ఖంగుమంది.

"ఇక్కడ నీళ్లు పోవడానికి కంపెనీవాళ్లే చిల్లు పెట్టారు సార్. మీరు పోసిందంతా అప్పటికప్పుడే నేలపాలు. ముందు భాగానికి ఇంకో పదేళ్లు ఢోకా లేదు. విరిగింది వెనక."

అల్లుడు భార్య వైపు చూశాడు. తన మీద ఒట్టు, తనకేమీ తెలియదంది భార్య. తర్వాత ఇద్దరూ కలిసి మెల్లగా మామగారి వైపు తిరిగారు.

ఆయన కళ్లజోడు తీశారు. చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"రెండు గుప్పెళ్లు ఏ మూలకొస్తాయి అల్లుడుగారూ?" అన్నారు. "నేను నాలుగు వేసేవాణ్ణి."