కాసులమ్మ కేక

ఇది రాబోయే కాలపు ముచ్చట. భీమిలిలో పుట్టిన ప్రతి బిడ్డ చెవిలోనూ శ్రుతిగింజ అని, స్వరం పట్టే చిన్న యంత్రం పెట్టేవారు. స్వరం పట్టుకున్న చెవి మాటను కూడా చక్కగా పట్టుకుంటుందట. దాంతో ఊళ్లో కుక్కలు సైతం ఒకదానికొకటి శ్రుతి చూసుకుని మొరిగేవి. కాకపోతే శ్రుతి తప్పిన గొంతు గింజ ఉన్న చెవికి మాటగా వినపడేది కాదు, గాలి హోరులా పోయేది.

చేపలమ్మే కాసులమ్మది సరిగ్గా అలాంటి గొంతు. "కవళ్లమ్మా, కానాగంతలమ్మా!" అని చేపల పేర్లు ఎంత అరిచినా ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎండెక్కుతోంది, గంపలో ఐసు కరిగిపోతోంది.

"కూసింత మెల్లగా అరవ్వే," అన్నాడు వెనకే వస్తున్న మొగుడు ఎర్రయ్య. అతను పొరుగూళ్లో పుట్టినవాడు, చెవిలో గింజ లేదు.

"రేత్రి తాగి తొంగుని, ఐసు తక్కువ తెచ్చి, ఇప్పుడు నాకు సెప్తావేటిరా!"

కోపంలో ఆమె గొంతు టక్కున శ్రుతిలో పడింది. వీధంతా తలుపులు తెరుచుకున్నాయి. "ఆహా! ఇంకోసారి తిట్టు పిన్నీ," అంటూ జనం గిన్నెలతో వచ్చారు. ఆమె తిడుతూనే తూచింది. గంప ఖాళీ అయింది.

అప్పట్నుంచి రోజూ తిట్లతోనే బేరం. ఆ తిట్లకు సిగ్గుపడి ఎర్రయ్య బుద్ధిమంతుడైపోయాడు. తాగుడు మానేశాడు. ఐసు గంప నిండా తెస్తున్నాడు. ఇక కాసులమ్మకు కోపం ఎక్కడినుంచి వస్తుంది? ఇవాళ మళ్లీ ఎండెక్కింది, చేపలు అలాగే ఉన్నాయి.

"ఓరయ్యా, నీకు దండమెడతాను. ఈ పూటకి కూసింత తాగిరా," అని బతిమాలింది.

"నానొల్లనే. ఒట్టేసుకున్నాను."

"ఒట్టేసుకున్నావా? నాకొక్క మాటైనా సెప్పకుండా ఎవుడెయ్యమన్నాడురా నిన్ను!"

వీధి చివరిదాకా తలుపులు తెరుచుకున్నాయి.