నేరేడు బీరు

నేలమాళిగ తలుపు దగ్గర ఎవరో కూర్చుని ఉండటం చూసి మృత్యుంజయకి ఒళ్లు మండింది.

పదకొండింటికి యజమానులు వస్తున్నారు. బెల్జియం పద్ధతిలో మూడేళ్లుగా చెక్క పీపాల్లో మగ్గబెట్టిన పుల్ల బీరు వాళ్లకి రుచి చూపించాలి. నచ్చలేదో, ఈ ఖిదిర్‌పూర్ బీరు కంపెనీలో ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే.

కూర్చున్నవాడి పేరు బైరాగి. మురుగుకాలవ బాగుచెయ్యమని కార్పొరేషన్ పంపితే బావమరిదితో కలిసి ఏక్‌బాల్‌పూర్ నుంచి వచ్చాడు. ఈ పరాయి రాష్ట్రంలో మృత్యుంజయ ఫోన్లో తెలుగు మాట్లాడటం విని మనవాడే అని సంబరపడ్డాడు. ఈయనగారికి మాత్రం ఆ సంబరం అంటలేదు.

"లోపలున్నది ఏటి బాబూ?"

"బీరు. నాలుగు రోజుల కింద నేరేడుపళ్లు కలిపి తలుపు వేశాం."

బైరాగి తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూశాడు.

"తవరే దిగుతారా?"

"నేనే. ఒక జగ్గు తేవాలి."

"పది నిమిషాలు ఆగండి బాబూ."

ఎందుకని మృత్యుంజయ అడగలేదు. మురుగులో దిగేవాళ్లు గొంతు తడుపుకోనిదే దిగరని అందరూ అనేదే. వీడికీ ఓ గుక్క కావాలి కాబోలు అనుకున్నాడు. ఇంతలో ఆఫీసులో ఫోన్ మోగింది. తాళంచెవి తలుపుకే వదిలేసి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. మెట్ల కింద బైరాగి బోర్లా పడి ఉన్నాడు. తాడూ కొక్కెం వేసి పైకి లాగేసరికి ప్రాణం లేదు.

పళ్లు వేస్తే బీరు మళ్లీ పొంగుతుంది. మూసిన గదిలో ఆ పొంగు వదిలే వాయువు మనిషి ప్రాణం నిలువునా తీసేస్తుంది. గాలి కిటికీ తెరిపించాల్సింది మృత్యుంజయే. హడావుడిలో మరిచిపోయాడు.

పోలీసుల ముందు ఆ నిజం మింగేశాడు. తాగి ఉన్నాడనీ, ఇంకా తాగడానికే దొంగతనంగా దిగాడనీ చెప్పి సంతకం పెట్టాడు.

రుచి చూడటం వారం రోజులు వాయిదా పడింది, అంతే. ముందు చింతకాయ పులుపు, వెనకే నేరేడు వగరు, చివర్న తడిసిన చెక్క వాసన. యజమానులు కళ్లు మూసుకుని చప్పరించి రెండో గ్లాసు అడిగారు. మృత్యుంజయ కూడా తాగాడు. సిగ్గులేకుండా బాగానే ఉంది.

ఆ సాయంత్రం గేటు దగ్గర బైరాగి భార్య సింహాచలమ్మ నిలబడి ఉంది. చేతిలో యూనియన్ నాయకుడు రాసిచ్చిన అర్జీ. మొగుడి ఉద్యోగం ఆమెకి రావాలి. తాగి చచ్చాడని పోలీసు కాగితంలో ఉంది కాబట్టి రాదన్నారట. ఆ ఒక్క మాట కొట్టేయించమని అడిగింది.

"రాసింది రాసేశాను" అన్నాడు మృత్యుంజయ, ఆమె మొహం చూడకుండా. "అయినా తాగడానికే కదా దిగాడు."

ఆమె ఏడవలేదు.

"ఆయన మందు ముట్టడు బాబూ. తాగితే ముక్కు పనిసెయ్యదని. ఏ గొయ్యిలోకైనా ముందు ఆయనే దిగేవోడు. గాలుందో నేదో సూసి, పైకొచ్చి సెప్తేనే మిగతావోళ్లు దిగేవోరు. పద్నాలుగేళ్లుగా అదే పని. మా తమ్ముడు ఎంత సెప్పినా పోలీసోళ్లు ఇన్నేదు. మన తెలుగు బాబొకడు తెలీక దిగిపోతన్నాడు, ముందు నేను సూసొస్తానని ఆడితో సెప్పే దిగాడంట."