గురక సాక్ష్యం

"తుపాకీకి గడ్డం ఆనించి నీ మనవడు గిరి గురక పెడతాంటే ఆఫీసరు చూసినాడంట అవ్వా. కాపలాలో నిద్రపోతే మిలిటరీ కోర్టు జైల్లో ఏస్తాది," అన్నాడు హిందూపురం నుంచి వచ్చిన లాయరు ఉదయ్ కుమార్.

"గురక పెడితే ఏమప్పా? మనవడికి గొర్రెల కాపలా నేర్పింది నేనే. ఇట్ల చూడు!"

హనుమమ్మ కర్రకు గడ్డం ఆనించి, ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసింది. చిటికెలో గుర్రుమని గురక మొదలైంది. ఇదేం విడ్డూరమో పరీక్షిద్దామని లాయరు చెప్పులు చేతబట్టుకుని, పిల్లిలా ఆమె వెనకున్న గొర్రెల మంద వైపు నడిచాడు.

"ఆ నల్లగొర్రె నిన్ననే ఈనింది. దగ్గరికి పోతే కుమ్ముతాది," అంది అవ్వ, కన్ను తెరవకుండానే.

లాయరు ఎగిరి గంతేశాడు. "గెలిచినామవ్వా! గిరి నిద్రపోలేదని కోర్టులో చెప్పు!"

"అబద్ధమెందుకు చెప్తానప్పా? వాడూ నిద్రపోయినాడు, నేనూ ఇప్పుడు నిద్రపోయినా. మేలుకోనుంటే చూపు ఆడా ఈడా పోతాది. నిద్రలో చెవులు మంద కాడే ఉంటాయి."

నిద్రపోయాడా అని అడిగే చట్టమే గాని, కాపలా కాశాడా అని అడిగే చట్టం ఉదయ్ కుమార్ ఏ పుస్తకంలోనూ చదవలేదు. కోర్టులో అవ్వను అడగాలని రాసుకున్న ప్రశ్నలన్నీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆడ కోర్టులో నువ్వు గమ్మునుండవ్వా. కర్ర పట్టుకోని గురక పెట్టు, చాలు. తీర్పు చెప్పే ఆఫీసర్లను నీ వెనక పిల్లిమాదిరి నడవమంటా."

"బూట్లు ఇడిచి నడవమనప్పా. బూట్లతో అయితే మా కుక్కపిల్ల కూడా కనుక్కుంటాది."