కవర్ వద్దన్న మనిషి

"కవర్లు వద్దు సేటు. డబ్బాలల్లనే పొయ్యి."

రాజేశం చెయ్యి ఆగిపోయింది.

కొడకండ్లలో ఆయనది పెద్ద కిరాణా దుకాణం. బస్తాల్లోంచి ఏది తూచి ఇచ్చినా దుకాణం పేరు అచ్చేసిన ప్లాస్టిక్ కవర్‌లోనే ఇస్తాడు. ఆ కవరంటే ఆయనకు మహా ముచ్చట. ఇంతవరకు వద్దన్నవాడు లేడు.

ఎదురుగా నిలబడ్డది నడివయసు లంబాడాయన. కొత్త ముఖం. చేతుల్లో నూనె క్యాను, రేకు డబ్బాలు, భుజాన గోనెసంచి.

"గింత బియ్యం ఎవలకు నాయక్?"

"ఇంటికి చుట్టాలొచ్చిన్రు."

"ఏ తండా?"

"గా దిక్కు" అని చెయ్యి ఊపాడు. అది ఏ దిక్కో ఆ దేవుడికే తెలియాలి.

రాజేశం తూచి పోశాడు.

అసలే కాలం బాగాలేదు. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. వీధి మొదట్లోంచి పోలీసు జీపు కదలడం లేదు. జనగామ రైల్‌రోకోలో కొడుకు ప్రశాంత్ మీద కేసు పడింది. అప్పటినుంచి పిల్లవాడు ఎక్కడున్నాడో, తిన్నాడో లేదో తెలియదు. ఇల్లు సోదా చేసిన పోలీసులు, "ఇగ ఏమన్న తెలిస్తే నిన్ను గూడ లోపలేస్తం" అని చెప్పి పోయారు.

ఆ మనిషి మళ్లీ వచ్చాడు. అవే డబ్బాలు, అదే మాట.

"చుట్టాలు ఇంక పోలేదా?"

"పోలే సేటు. మంచిగ తింటున్నరు" అని నవ్వాడు.

రాజేశానికి నవ్వు రాలేదు.

ఆ మనిషి వెళ్లాక రాజేశం భార్య ఈశ్వరమ్మ లోపలినుంచి వచ్చింది.

"గాయిన అడివిల అన్నలకు మోస్తున్నడేమో. కవరు దొరికితే జాడ దొరుకుతదని వాళ్లు కవర్లు ముట్టరంట."

"మెల్లగ! ఎవలన్న వింటరు."

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం వచ్చి గల్లాపెట్టె పక్కనే కూర్చుంది. నక్సలైట్లకు అన్నం పెట్టారని మనుషుల్ని ఈడ్చుకుపోయిన రోజులు రాజేశం మరిచిపోలేదు. తనూ లోపలికి పోతే ఇక కొడుకును విడిపించేదెవరు?

తర్వాత వారపు సంత జరిగే అంగడినాడు ఆ మనిషి వచ్చాడు. రాజేశం డబ్బాలు నింపాడు. అతను వీధిలోకి దిగగానే, రాజేశం వెనక సందులోంచి జీపు దగ్గరికి పోయాడు.

"సారూ, గా డబ్బాలాయన మీద అనుమానంగున్నది. నా దగ్గర కొనలే. ఊకె చూసిన, అంతే."

ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది.

తిరిగి దుకాణానికి వచ్చేసరికే ఆ మనిషిని ఆపేశారు. డబ్బాలు బోర్లించారు. పప్పు రోడ్డు పాలైంది.

"ఏ దుకాణంల కొన్నవ్ రా?"

రాజేశం గడప దగ్గరే ఆగిపోయాడు.

ఆ మనిషి తలెత్తి, సూటిగా ఆయన వైపే చూశాడు. తర్వాత చూపు దించుకున్నాడు.

"అంగట్ల సారు. పట్ట పరిచి అమ్మేటోళ్ల దగ్గర."

చెంప ఛెళ్లుమంది.

"నిజం చెప్పు!"

"నిజమే సారు. అంగట్లనే."

సంచి దులిపారు. ఒక్క కవరు దొరికినా జీపు నేరుగా తన గడపకే వచ్చేదని రాజేశానికి తెలుసు. ఏ దుకాణం పేరూ దొరకలేదు. ఆ మనిషిని జీపులోకి తోసి తీసుకుపోయారు.

బతికిపోయాను అనుకున్నాడు రాజేశం. కానీ ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాడు. చెంప మీద దెబ్బ పడ్డా అతను తన పేరెందుకు చెప్పలేదో ఎంత ఆలోచించినా తెలియలేదు.

మర్నాడు పొద్దుగూకే వేళ వెనక తలుపు చప్పుడైంది. ఈశ్వరమ్మ తీసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రశాంత్! చెప్పుల్లేవు. ఒళ్లంతా దుమ్ము.

రాజేశం కొడుకును లోపలికి లాగి గడియ పెట్టాడు.

"పాణం మీద ఆశ లేదారా? జీపు ఈడనే ఉన్నది! ఎందుకొచ్చినవ్?"

"ఉండబుద్ధి కాలే బాపు. నువ్వే జర ఠాణాల అడిగి ఆయన్ని ఇడిపియ్యాలె."

"ఎవల్ని?"

"పూల్‌సింగ్ కాకను. పోలీసులు పట్టుకున్నరంట. కేసులున్న పోరగాళ్లమని తెలిసి గూడ మమ్ముల ఇంట్ల దాచి ఇన్ని దినాలు బువ్వ పెట్టిండు, నిన్న నీ దుకాణానికని వచ్చినోడు మళ్ల ఇల్లు చేరలే."