మడమ తడి

పడవ ఇసుకమేట మీదికెక్కి ఆగిపోయింది. గంజికుండ దొర్లింది, రొయ్యల బుట్ట బోర్లాపడింది, కామమ్మ మోకాలు చెక్కుకుపోయింది. ఆమె వీటిలో దేన్నీ చూసుకోలేదు. నేరుగా చుక్కాని దగ్గరికి వెళ్ళి మొగుడి నోరు వాసన చూసింది.

వాసనేమీ రాలేదు. అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు.

"ఏం తాగినావు?"

"తాగలేదు. రెప్ప పడింది" అన్నాడు చెంగయ్య. అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మాట ముద్దగా వస్తోంది.

"రాత్రంతా పండుకొని, పగలు గూడా రెప్ప పడేదేంది?"

అతను తెరచాప దించి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవ పక్కలు తడిమి చూశాడు. ఎన్నాళ్ళుగానో నీరు ఊరుతున్న పక్కపలక అతుకు ఇప్పుడు వేలు దూరేంత విచ్చుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే సామాను ఇసుక మీదికి చేర్చి, పడవను ఒక పక్కకు ఒరిగించారు. చెంగయ్య కుంపటి రాజేసి, డబ్బాలో తారు వేసి దాని మీద పెట్టాడు. అది కాగేలోపు అతుకులో సుత్తితో దూది కుక్కుతూ కూర్చున్నాడు. సరస్సు మీద మబ్బు కమ్ముకుని ఉంది. ఆ మబ్బును చూస్తే కామమ్మకు ఇంకా ప్రాణం ఉసూరుమంది.

ఇది ఇవాళ ఒక్కరోజు సంగతైతే ఆమె సరిపెట్టుకునేదే. మొన్న వల సగం లాగి వదిలేశాడు. నిన్న ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, ఏం చెబుతున్నానని ఆమెనే అడిగాడు. పలావు తిని బిరియానీ అనే రకం కాదు చెంగయ్య, అబద్ధమాడడం చేతకాని మనిషి. అలాంటివాడు చాటుగా తాగుతున్నాడంటేనే ఆమె ఓర్చుకోలేకపోతోంది.

అదీ పగలే. రాత్రి విషయంలో మాత్రం అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. వారాల తరబడి సరస్సు మీదే వండుకుని, పడవలోనే పడుకునేవాళ్ళకు ఒక పద్ధతుంది. కొయ్యపడవన్నాక ఎంతో కొంత నీరు ఊరుతూనే ఉంటుంది. అందుకని మగమనిషి పలకల మీద పడుకుని, వాటి సందులోంచి ఒక కాలు అడుక్కి వేలాడేస్తాడు. చెయ్యి అంత లోతు అందదు. నీళ్ళు పెరిగి మడమకు చల్లగా తగలగానే లేచి తోడేసి, మళ్ళీ పడుకుంటాడు. ఆ కాలిని నమ్ముకుని ఆడమనిషి నిద్రపోతుంది. కామమ్మ కాపురానికి వచ్చిన నాటి నుంచీ అలాగే నిశ్చింతగా నిద్రపోయింది. ఈమధ్యనైతే తెల్లారి చూసుకుంటే అడుగున చెమ్మ కూడా ఉండడం లేదు. రాత్రి ఇంత బాగా చూసుకునే మనిషికి పగలు ఏం రోగమొచ్చిందో ఆమెకు అంతుబట్టలేదు.

ఆమె ఫోన్ తీసి, ఆ దాపుల్లోనే ఇంజను పడవలో తిరిగే జడ్సన్‌ను పిలిచింది. వచ్చి తనను ఒడ్డుకు చేర్చమంది. చెంగయ్య చేతిలో సుత్తి ఆగింది.

"యాడికి పోతావు?"

"గూడూరికి, మా చెల్లెలి కాడికి. నిమ్మతోటల్లో కాయలు ఏరుకోని బతుకుతా. తాగుబోతు చేతికి చుక్కానిచ్చి నా పానం పోగొట్టుకోలేను."

తెరచాప ఒకరు పట్టాలి, చుక్కాని ఒకరు పట్టాలి. ఆమె దిగిపోతే ఆ పడవ కట్టెలకు తప్ప పనికిరాదని ఇద్దరికీ తెలుసు. అతను ఏమైనా అంటాడేమోనని ఆమె కాసేపు చూసింది. తాగానన్నా సరే, ఇక తాగనంటే ఆగిపోదామనుకుంది. అతను తలొంచుకుని మళ్ళీ సుత్తి ఎత్తాడు. ఆమెకు ఏడుపొచ్చింది. బట్టలు మూటకట్టడం మొదలుపెట్టింది.

దూరంగా ఇంజను చప్పుడు వినబడింది. చెంగయ్య గోనెగుడ్డతో పట్టుకుని తారు డబ్బా ఎత్తాడు. కుంపటి కొద్దిగా ఒరిగి, ఒక నిప్పు కింద పడింది. అతను పడవకు దగ్గరగా జరిగి, ఒళ్ళు దగ్గర పెట్టుకుని అతుకు మీద తారు పొయ్యసాగాడు. కామమ్మ మూట చంకన పెట్టుకుని వచ్చి అతని వెనక నిలబడింది.

"పోతుండా" అంది.

"జాగర్త" అన్నాడు అతను, చెయ్యి ఆపకుండా.

ఏదో కమురు వాసన తగిలింది. దూదికి అంటుకుందేమోనని ఆమె వంగి చూసింది. దూది బాగానే ఉంది. పొగ అతని కుడి మడమ కింద నుంచి వస్తోంది.

మూట వదిలేసి, అతన్ని ఒక్క తోపు తోసింది. కిందపడ్డ మనిషి కాలు పట్టుకుని, దోసిళ్ళతో నీళ్ళు పోసింది. మడమ మాంసం తెల్లగా తేలింది. చెంగయ్య దాన్ని ఎవరిదో కాలును చూసినట్టు చూశాడు.

"కాలిందా?" అన్నాడు.

ఆమె అతని అరికాలిని గోటితో గట్టిగా గీరింది. అతను కదల్లేదు. రెండో కాలినీ గీరింది.

"ఎన్నాళ్ళ నించి?"

"వానలు మొదలైన కాడినించి. చక్కెర జబ్బుకి నరాలు చచ్చిపోయినాయంట. రెండు కాళ్ళూ అంతే. చెప్తే నువ్వు పడవ ఎక్కవని చెప్పలేదు."

వానలు మొదలైన దగ్గర్నుంచి తాను ఏ కాలిని నమ్ముకుని కళ్ళు మూసుకుందో తలుచుకునేసరికి కామమ్మకు ఒళ్ళు జలదరించింది. జడ్సన్ పడవ మేట దగ్గరికి వచ్చేసింది. ఆమె అటు తిరిగి కూడా చూడలేదు.

"మరి రాత్రుళ్ళు ఆ కాలికి నీళ్ళు తగిలితే నువ్వెట్టా లేస్తుండావు?"

చెంగయ్య ఎర్రటి కళ్ళు నులుముకున్నాడు.

"నిద్రపోతే గదా కామమ్మా, లేచేదానికి."