బెల్టు చప్పుడు

మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు. ముకుంద్ దాన్ని స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, చెవి ఒగ్గి వింటున్నాడు. వెనక మెట్ల మీద అతని భార్య సుశీల దగ్గింది.

"జెర ఆగు. బెల్టు చప్పుడు వినవడ్తలేదు," అన్నాడు.

నెల రోజులుగా ఆమె దగ్గుతూనే ఉంది. ఆ నెలలోనే అతను ఇంజన్ ఆయిలు మార్చాడు, కూలెంట్ మార్చాడు, పటాన్‌చెరు అంతా గాలించి కొత్త బెల్టు తెచ్చి వేశాడు.

"దవాఖానకు పోదాం. పొద్దుగాల దగ్గితే రక్తం పడ్డది."

"ఆదివారం పోదాం తియ్. పాత బండి, రోజూ కనిపెట్టుకొని ఉండాలె."

సుశీల అతని మొహంలోకి చూసింది. ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. బానెట్ ధడేలున మూసి, వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"ఏయ్, బెల్టు తెగుతది!"

"తెగితే దిగి నడుస్త."

ఇంద్రేశం నుంచి సంగారెడ్డి దాకా బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు.

డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి తల పైకెత్తింది. "ఇంత ఆలస్యమా? మీ వెంట ఎవరొచ్చారు?"

"బండి వచ్చింది మేడమ్," అంది సుశీల. "దాన్ని మంచిగ చూసుకునేటోడు ఉన్నడు."